ఎర్రగుడ్డ మూటల్లో మా తాలూకా

మా ఊరు కందుకూరు తాలూకాలో, మన్నేటికి దగ్గరగా ఉంటుంది. నేను పుట్టిన నాటికి అది నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలనూ, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాలనూ, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరులనూ విడదీసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులో చేరింది. ఊరూ చెరువూ ఉన్నచోటనే ఉన్నాయి. చిరునామాలో జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. సరిహద్దులు జరిగినంత సులువుగా కాగితాలు జరగవనీ, ఏ కాలంలో ఏ కార్యాలయం రాసిందో తెలిస్తేనే ఒక ఊరి పాత కాగితం దొరుకుతుందనీ నాకు నేర్పినవాడు నెల్లూరు కలెక్టరు కార్యాలయంలో రికార్డు విభాగంలో పనిచేసిన మా మేనమామ. ఆయన గురించీ, ఆయన వల్ల నేను ఎరిగిన ఆ కాగితాల లోకం గురించీ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అంతకంటే ముందు మా తాతగారి పెట్టె గురించి చెప్పాలి. తాతగారు ఊరికి కరణం. నడవలో గోడవారగా ఉన్న పెద్ద చెక్కపెట్టెను పిల్లలం ముట్టుకోకూడదు. అందులో అడంగళ్ళు, పది(1) లెక్కలు (ఎవరి పేర ఎంత భూమి ఉందో రాసేవి), డైగ్లాటు, పొలాల కొలతల పుస్తకం ఉండేవి. డైగ్లాటులో ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం, నేల తరం, శిస్తు, పట్టాదారు పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అచ్చువేసి ఉండేవి. కొలతల పుస్తకంలో ఒక్కొక్క పొలానికి ఒక్కొక్క పటం. వంద లింకులున్న 66 అడుగుల గొలుసు పట్టి కొలిచిన కొలతలు గీతల పక్కన చిన్న అంకెల్లో కనిపించేవి. సాయంత్రం పూట రైతులు వచ్చి అరుగు మీద కూర్చుని గట్టు తగాదా చెప్పుకుంటే తాతగారు ఆ పుస్తకం తెచ్చి, కళ్ళజోడు సర్దుకుని, పొలం పేరు కాక నంబరు చెప్పి చదివేవారు. ఆ చదువుతో చాలా తగాదాలు అరుగు మీదనే తీరిపోయేవి. ఒక కాగితానికి ఇంత మాట చెల్లుబాటు ఎక్కడి నుంచి వస్తుందా అని నాకు అప్పుడే ఆశ్చర్యంగా ఉండేది.

ఏటా జమాబందీకి, అంటే ఊరి లెక్కల తనిఖీకి, తాతగారు లెక్కలన్నీ మూటకట్టి బండిలో కందుకూరు తీసుకువెళ్ళేవారు. జమాబందీకి ముందు పది పదిహేను రోజులు ఇంట్లో దీపం ఆరేది కాదు. కూడికలు సరిచూడటం, ఎర్రసిరాతో మొత్తాలు వేయడం, కొట్టివేతలున్నచోట సంతకం పెట్టడం, అన్నీ తాతగారే చేసుకునేవారు. లెక్కలన్నీ ఫసలీల్లో ఉండేవి. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, అది జులై 1న మొదలవుతుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ దాకా. ఈ లెక్క నాకు ఎక్కాలతో పాటే వచ్చింది. తరువాతి కాలంలో పాత ప్రభుత్వ రికార్డులు దాచే ఆర్కైవ్స్‌లో కూర్చున్నప్పుడు పక్కన ఉన్న పరిశోధక విద్యార్థులు ఫసలీ అంకె దగ్గర ఆగిపోతే నేను తేలిగ్గా చెప్పగలిగేవాణ్ణి.

డెబ్బైల మొదట్లో బి.ఎ. చదవడానికి నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చేరి, మూలాపేటలో మామయ్య ఇంట్లో ఉన్నాను. అప్పటికి మా తాలూకా ఒంగోలు జిల్లాలోకి వెళ్ళిపోయింది. అయినా కందుకూరు, కనిగిరి వైపు నుంచి రైతులు నకళ్ళ కోసం ఇంకా నెల్లూరికే వస్తున్నారని మామయ్య భోజనాల దగ్గర చెప్పేవారు. “జిల్లా మారిందని జీవో వచ్చింది గానీ, పాత కట్టలు ఒక్కరోజులో లారీ ఎక్కుతాయా నాయనా? ఏది ఇవ్వాలో, ఏది ఉంచాలో జాబితా రాయడానికే ఎంత కాలం పడుతుందో చూడు” అనేవారు. ఒక ఫైలులో కందుకూరు సంగతీ కావలి సంగతీ కలిసి ఉంటే దాన్ని చించి పంచలేరు. అలాంటివి పుట్టిన కార్యాలయంలోనే ఉండిపోతాయి. ఒంగోలు సంగతి ఇంకా విచిత్రం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి అందులోకి వెళ్ళింది. అంటే ఒంగోలు ప్రాంతపు పందొమ్మిదో శతాబ్దపు సంగతులు కావాలనుకున్నవాడు ఒంగోలులోనో గుంటూరులోనో ఎంత వెతికినా ప్రయోజనం ఉండదు, నెల్లూరు జిల్లా రికార్డులు చూడాలి.

సెలవు రోజుల్లో మామయ్యకు అన్నం క్యారియరు ఇచ్చే నెపంతో నేను రికార్డు రూముకు వెళ్ళేవాణ్ణి. లోపలికి అడుగుపెట్టనిచ్చేవారు కాదు. గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చోబెట్టేవారు. అక్కడి నుంచే చూసేవాణ్ణి. ఎత్తైన గది, నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా ఎర్రగుడ్డ చుట్టిన కట్టలు. ప్రతి కట్టకూ రెండు వైపులా అట్ట, మధ్యలో తాడు, ముందు వైపు ఒక చీటీ. చీటీ మీద ఏడాది, విభాగం, మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా. ఎవరికైనా ఫైలు ఇవ్వాలంటే ముందు ఇండెంటు చీటీ రాయించుకునేవారు. ఫైలు తీసిన చోట ఆ చీటీ ఉంచితే గానీ ఫైలు గడప దాటదు. తిరిగి వచ్చినప్పుడు చీటీ బయటికి, ఫైలు లోపలికి. “ఇక్కడ పోయిన కాగితం అంటూ ఉండదు, చోటు తప్పిన కాగితమే ఉంటుంది. చోటు తప్పితే మాత్రం పోయినట్టే లెక్క” అని మామయ్య అనే మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఏ కాగితాన్ని ఎన్నాళ్ళు దాచాలన్నది ఫైలు ముగిసిన రోజునే తేలిపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కార్యాలయాల్లో టాటెన్‌హామ్ పద్ధతి అని ఒక ఏర్పాటు ఉండేది. మన జిల్లా కార్యాలయాలు దాన్నే అనుసరించాయి. శాశ్వతంగా ఉంచవలసినది ఆర్.డిస్., పదేళ్ళు ఉంచవలసినది డి.డిస్., ఆపైన అవసరం లేని చిన్న చిల్లర ఉత్తరాలు ఎల్.డిస్. ఆ అక్షరం వేసేది సెక్షన్లో కూర్చున్న గుమాస్తా. నూరేళ్ళ తరువాత ఒక ఊరి చెరువు గురించి ఎవరికైనా ఏమైనా తెలుస్తుందా లేదా అన్నది ఆ అక్షరంతో నిర్ణయమైపోతుంది. మామయ్య ఈ విషయంలో చాలా పట్టుదల ఉన్న మనిషి. గడువు తీరిన కట్టలను నాశనం చేయడానికి జాబితా వచ్చినప్పుడు ఒక్కొక్కటీ విప్పి చూసేవారు. చెరువు, కాలువ, గుడి, సత్రం, శ్మశానం, పొలిమేర అన్న మాటలు కనిపిస్తే పై అధికారికి నోటు పెట్టి, ఆ ఫైలును శాశ్వత వర్గంలోకి మార్పించడానికి ప్రయత్నించేవారు. అన్నిసార్లూ ఆమోదం రాలేదు. వచ్చినవాటిని గురించి మాత్రం రాత్రి భోజనం దగ్గర అత్తయ్యకు వివరంగా చెప్పేవారు. ఆవిడ ఓపికగా వినేది.

కాగితాన్ని చంపేవి మూడు: చెమ్మ, పురుగు, సిరా. నెల్లూరు గాలిలో సముద్రపు తేమ ఉంటుంది. వర్షాకాలం ముగిసేసరికి కట్టల అంచులు మెత్తబడేవి. రికార్డు అసిస్టెంట్లు ఏడాదికి ఒకసారైనా కట్టలన్నీ దించి దుమ్ము దులిపి, గోడకూ అరకూ మధ్య జానెడు ఖాళీ ఉండేట్టు మళ్ళీ పేర్చేవారు. ఇళ్ళలో మనం వేపాకు, వసకొమ్ము వేసుకున్నట్టు అక్కడ నాఫ్తలీను ఉండలు వేసేవారు. అరల కాళ్ళు చెదలు ఎక్కకుండా చూడటం ఒక పెద్ద పని. చెక్క అరల స్థానంలో ఇనుప అరలు వచ్చిన రోజు మామయ్య ఇంటికి మిఠాయి తెచ్చారు. పాత సిరా సంగతి వేరు. ఇనుప లవణంతో చేసిన ఆ నల్లసిరా కాలం గడిచేకొద్దీ తన కిందనున్న కాగితాన్నే తినేస్తుంది. ఒత్తి రాసిన చోట అక్షరం ఆకారంలో చిల్లు పడిన పేజీలను నేను తరువాత చాలా చూశాను. చక్కని చేతిరాత ఉన్నవాడు ఇష్టంగా ఒత్తి రాసిన పేజీయే ముందుగా పోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

చదువు అయిపోయి నేను చరిత్ర అధ్యాపకుణ్ణయ్యాను. మా ఊరి చెరువు ఎప్పటిది, ఎవరు తవ్వించారు అన్న ప్రశ్న చిన్నప్పటి నుంచీ నాతోనే ఉంది. ఊళ్ళో ఎవరిని అడిగినా కృష్ణదేవరాయలు తవ్వించాడనే చెబుతారు. మా వైపు పాత చెరువు ప్రతిదీ ఆయన పేరు మీదనే ఉంటుంది. కాలేజీలో మా గురువుగారు నాకు మొదట చూపించినవి 1905లో మద్రాసులో అచ్చయిన మూడు సంపుటాలు. బటర్‌వర్త్ దొర, వేణుగోపాల్ చెట్టి గారు కలిసి నెల్లూరు జిల్లాలోని రాతి శాసనాలనూ రాగిరేకులనూ తాలూకాల వారీగా సేకరించి వేసిన పుస్తకాలవి. పొలంలో, చెరువు తూము దగ్గర, గుడి గోడ మీద ఎక్కడ ఏ శాసనం ఉందో, అందులో ఏముందో అన్నీ ఉన్నాయి. ఆ తరువాత రాళ్ళు చాలాచోట్ల ఇళ్ళ పునాదుల్లోకి, కంకర గుట్టల్లోకి వెళ్ళిపోయాయి. రాయి కంటే కాగితం ఎక్కువకాలం బతకడం నేను మొదట గమనించింది అక్కడే. దానికి ముప్పై ఏళ్ళు ముందే, 1873లో, బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ వెలువడింది. వానలు, పంటలు, కులవృత్తులు, ఉప్పు, రోడ్లు, 1855లో నెల్లూరు దగ్గర పెన్న మీద కట్టిన ఆనకట్ట, ఇలా ఎన్నో సంగతులున్న ఆ పుస్తకానికి ముడిసరుకు కలెక్టరు కార్యాలయపు కట్టలే. కార్యాలయంలోని కాగితాన్ని జనం చదివే పుస్తకంగా మార్చడం అప్పుడే మొదలైందన్నమాట.

ఈ పుస్తకాల్లో మా చెరువు ప్రస్తావన లేదు. అందువల్ల ఆర్కైవ్స్‌కు వెళ్ళక తప్పలేదు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి కర్ణాటక (కర్నాటిక్) ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది, నెల్లూరు కూడా దానితోపాటే వచ్చింది. అప్పటి నుంచి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మన పైస్థాయి కాగితాలన్నీ మద్రాసులో పుట్టినవే. ఎగ్మూరులో 1909లో కట్టిన ఎర్రని భవనంలో మద్రాసు రికార్డు ఆఫీసు వెలిసింది. ఇప్పుడు అది తమిళనాడు ఆర్కైవ్స్. 1786లో ఏర్పడిన రెవెన్యూ బోర్డు వారి ప్రొసీడింగ్స్ అక్కడ వరుసగా, సంపుటాలుగా ఉన్నాయి. నా మొదటి రోజు బాగా గుర్తు. కాలేజీ నుంచి పరిచయపత్రం, దరఖాస్తు, ఏ అంశం మీద ఏ కాలానికి చూడాలో రాసిన కాగితం ఇచ్చాక చదువుకునే గదిలో కూర్చోనిచ్చారు. సూచిక సంపుటాల్లో నంబరు వెతికి చీటీ రాసి ఇస్తే కొంతసేపటికి లోపలి నుంచి సంపుటం వచ్చింది. పెన్నుతో రాయకూడదు, పెన్సిలే వాడాలి. పేజీ మూలను తడి వేలితో తిప్పకూడదు. ఒక తమిళ అటెండరు నేను నెల్లూరు జిల్లావాణ్ణని తెలిసి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా తమిళంలో ఏ సూచిక తరువాత ఏ సూచిక చూడాలో చెప్పారు. మామయ్య దగ్గర నేను చూసిన చీటీ పద్ధతే అక్కడా ఉంది. సంపుటం తీసిన చోట చీటీ ఉంచుతారు. అది చూసి నాకు మూలాపేట ఇల్లు గుర్తొచ్చింది.

చివరికి జవాబు దొరికింది హైదరాబాదు తార్నాకలో, అప్పటి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో. నిజాం కాలపు రికార్డు కార్యాలయం దఫ్తర్-ఎ-దీవానీ నుంచి ఎదిగిన ఆ సంస్థలో మొఘలుల నాటి ఫార్సీ కాగితాల నుంచి జిల్లా రికార్డుల దాకా ఉన్నాయి. మాకు కావలసింది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ను నియమించి, పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో అనుభవంలో ఉన్న ప్రతి మాన్యాన్నీ విచారించింది. ఆ విచారణ ఫలితమే ఈ రిజిస్టరు. ఊరివారీగా గడులు: ఇనాం ఏ రకం, దేవదాయమా, ధర్మదాయమా, భట్టవృత్తా, ఊరి సేవకా, విస్తీర్ణం ఎంత, మొదట ఇచ్చింది ఎవరు, ఎప్పుడు, ఏ సనదు (దానపత్రం) చూపించారు, ఇప్పుడు అనుభవిస్తున్నవారి వంశక్రమం, కమిషనరు తీర్పు, పట్టా నంబరు. మన గ్రామచరిత్రకు ఇంతకంటే విలువైన ప్రభుత్వ పత్రం లేదని నా నమ్మకం. రాజులూ యుద్ధాలూ ఇందులో కనిపించవు. గుడి పూజారి, మంగలి, వడ్రంగి, నీరుగంటి, దేవదాసి, ఫకీరు, వీళ్ళ పేర్లు కనిపిస్తాయి.

మా ఊరి పేజీలో దశబంధం ఇనాం ఒకటి ఉంది. చెరువు తవ్వించినవారికో, తెగిన చెరువును బాగుచేయించి కాపాడే బాధ్యత తీసుకున్నవారికో ఆ చెరువు కింద కొంత భూమిని తక్కువ పన్నుతో ఇవ్వడమే దశబంధం. గట్టు తెగి పాడుపడిన చెరువును సొంత ఖర్చుతో కట్టించినందుకు ఆ మాన్యం దక్కిందని ఒక ఇంటిపేరుతో సహా రాసి ఉంది. ఆ ఇంటిపేరువాళ్ళు మా ఊళ్ళో దిగువ వీధిలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు సెంటు మాగాణి లేదు, తరతరాలుగా కూలిపనే. నకలు తీసుకుని ఊరికి వెళ్ళి, ఆ ఇంటి పెద్దాయనను మా అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఆయన విని, “ఇంకొకసారి చదువు బాబూ” అన్నారు. మళ్ళీ చదివాను. “మా నాయన చెప్పేవాడు, మా వాళ్ళే కట్ట పోశారని. తాగి వాగుతున్నాడని అందరూ నవ్వేవాళ్ళు” అన్నారు. ఆ సంవత్సరం చెరువు నిండి అలుగు పారినప్పుడు గంగమ్మకు పొంగలి పెట్టే ముందు ఊరివాళ్ళు ఆయనను పిలిచి మొదటి కొబ్బరికాయ కొట్టించారు. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన ఏ వ్యాసం వల్లా ఇంత పని జరగలేదు.

తార్నాకలోనే దెబ్బతిన్న కాగితాలను బాగుచేసే విభాగాన్ని దగ్గరగా చూశాను. ముందు కట్టలను గాలి చొరని పెట్టెల్లో ఉంచి పురుగూ బూజూ చావడానికి పొగబెడతారు. బూజుకు థైమాల్, పురుగుకు వేరే మందు. తరువాత పుల్లబారిన కాగితంలోని ఆమ్లాన్ని విరచడానికి సున్నపు తేటలాంటి ద్రావణంలో ముంచుతారు. సిరా కరగదని పరీక్షించుకున్న తరువాతే ముంచుతారు. ఆరిన కాగితానికి రెండువైపులా పారదర్శకమైన సెల్యులోజ్ ఎసిటేట్ పొర, ఆపైన పలుచని టిష్యూ కాగితం పరచి, ఎసిటోన్‌లో తడిపిన దూదితో మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా అద్దుతారు. యంత్రం అక్కరలేని ఈ పద్ధతి ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో రూపొందింది. అద్దే చెయ్యి ఒక్కచోట ఆగితే ముడత పడుతుంది. ఆ పని చేసే ఉద్యోగి రోజంతా తల ఎత్తకుండా కొన్ని కాగితాలే పూర్తిచేయగలిగేవారు. ఆయన ముందు కొన్ని వేల కాగితాలు వేచి ఉన్నాయి.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మా వైపు ఇళ్ళనూ తోటలనూ నేలమట్టం చేసింది. ఆ రోజుల్లో మా ప్రాంతంలోని ఒక చిన్న కార్యాలయం పైకప్పు రేకులు లేచిపోయి రికార్డులన్నీ తడిశాయి. అక్కడివాళ్ళు కట్టలను ఎండలో పరచబోతుంటే, అప్పటికే పదవీ విరమణ చేసి మా ఊరికి వచ్చి ఉన్న మామయ్య పరుగున వెళ్ళి ఆపారు. తడిసిన కాగితం ఎండకు పెళుసెక్కుతుంది, అంటుకున్న పేజీలను తడిమీద విడదీస్తే అక్షరం పైపొరతో ఊడివస్తుంది. ఆయన బడి వరండాలో తాళ్ళు కట్టించి, నీడలో, గాలి తగిలే చోట పుస్తకాలను నిలబెట్టించి, పేజీల మధ్య అద్దుడు కాగితాలు పెట్టించి, అవి తడిసినప్పుడల్లా మార్పించారు. కాలేజీ నుంచి నా విద్యార్థులు కొందరు వచ్చి సాయపడ్డారు. అన్నీ దక్కలేదు. దక్కినవాటిలో ఆ ఊళ్ళ కొలతల పుస్తకాలు ఉన్నాయి. తుఫాను తరువాత గట్లు కొట్టుకుపోయిన పొలాలకు మళ్ళీ హద్దులు వేసినప్పుడు సర్వేయర్లు చూసింది వాటినే.

మా ఇంటి పెట్టె సంగతి 1984లో ముగిసింది. ఆ ఏడాది జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబుల వ్యవస్థను రద్దుచేసింది. తాతగారు అప్పటికి లేరు. నాన్నగారు కరణీకం చేస్తున్నారు. లెక్కలు అప్పగించమని ఉత్తర్వు వచ్చినప్పుడు నాన్నగారు ఒక రాత్రంతా కూర్చుని, ప్రతి పుస్తకానికీ పేజీలు లెక్కపెట్టి, జాబితా రెండు ప్రతులు రాసి, రశీదు మీద సంతకం చేయించుకుని మరీ ఇచ్చారు. అన్ని ఊళ్ళలో అలా జరగలేదు. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకా కార్యాలయంలో ఒకేచోట వరుసగా ఉన్న పుస్తకాలు మండలాల వారీగా విడిపోయి, కొన్ని కొత్త భవనాలకు, కొన్ని అద్దె ఇళ్ళకు చేరాయి. పాత వరుస తెలిసిన మనిషి వాటి వెంట వెళ్ళలేదు. ఈ మార్పుల్లో మనం పోగొట్టుకున్నది తుఫానులో పోయినదానికంటే ఎక్కువని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి కూడా వెతికేవాళ్ళకు ఉపయోగపడుతుంది. పొదిలి, దర్శి వైపు చాలా ఊళ్ళు వెంకటగిరి జమీందారీలో ఉండేవి. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ గ్రామానికి సర్కారు లెక్కలు వరుసగా దొరుకుతాయి. జమీందారీ గ్రామానికి మాత్రం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, సర్వే సెటిల్మెంటు జరిపిన తరువాతే అలాంటి లెక్కలు మొదలవుతాయి. అంతకు ముందటిది జమీందారు దివాణం లెక్క. పక్కపక్క ఊళ్ళే అయినా ఒకదాని చరిత్ర సర్కారు కట్టల్లో, మరొకదానిది జమీను కాగితాల్లో ఉంటుంది.

ఇప్పుడు చాలా పని ఇంట్లో కూర్చునే జరుగుతోంది. 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటుగా మొదలై ఢిల్లీకి మారిన జాతీయ ఆర్కైవ్స్ తన రికార్డులను ‘అభిలేఖ్ పటల్’ ద్వారా తెరమీద చూపిస్తోంది. మా మనవరాలు దాన్ని తెరిచి చూపించిన రోజు సాయంత్రం దాకా నేను కుర్చీలోంచి లేవలేదు. 1993లో పార్లమెంటు చేసిన పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం 1892కు ముందు పుట్టిన కేంద్ర ప్రభుత్వ రికార్డును, అది బొత్తిగా పనికిరాకుండా పాడైపోతే తప్ప, నాశనం చేయకూడదు. అనుమతి లేకుండా రికార్డు నాశనం చేసినవారికి అయిదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. ఈ పట్టుదల జిల్లా, మండల స్థాయిలో ఉన్న కట్టల విషయంలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. స్కాన్ చేసిన తరువాత అసలు కాగితం అక్కరలేదనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. అది సరికాదు. కోర్టులో సందేహం వచ్చినప్పుడు సిరా, చేతిరాత, కొట్టివేత, ముద్ర చూడాలంటే అసలే కావాలి. పైగా స్కాన్‌లో సూచిక తప్పు పడితే, మామయ్య చెప్పినట్టు, అది చోటు తప్పిన కాగితమే.

మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. రికార్డు రూములో ఆయన తయారుచేసుకున్న సొంత సూచిక ఒకటి, నోటు పుస్తకంలో గ్రామాల అక్షరక్రమంలో రాసుకున్నది, అత్తయ్య నాకు ఇచ్చింది. ఏ ఊరి చెరువు తగాదా ఏ ఏడాది ఏ నంబరులో ఉందో అందులో ఉంది. దాన్ని నా పూర్వ విద్యార్థులు ఇద్దరు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. పూర్తికాగానే ఒక ప్రతిని రెండు జిల్లాల కలెక్టరు కార్యాలయాలకూ, ఒక ప్రతిని రాష్ట్ర ఆర్కైవ్స్‌కూ ఇవ్వాలని నిశ్చయించుకున్నాం.

చివరగా కందుకూరు, కనిగిరి, ఉదయగిరి, కావలి వైపున్న పాత కరణాల కుటుంబాలవారికి నాదొక విన్నపం. మీ అటకల మీద కవిలెలు (పాత లెక్కల పుస్తకాలు), సనదు నకళ్ళు, పాత శిస్తు రశీదులు ఉంటే పారేయవద్దు. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, బజారులో లామినేషన్ చేయించవద్దు. కట్టను ఉన్న వరుసలోనే ఉంచి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా పెట్టండి. మీరు దాచలేమనుకుంటే రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాయండి, లేదా దగ్గరలోని కాలేజీ చరిత్ర శాఖకు చూపించండి. ఇచ్చే ముందు కట్ట మీద ఒక చీటీ కట్టి, దాని మీద ఊరి పేరు, ఆ కాగితం రాసిన నాటి తాలూకా పేరు, ఫసలీ, ఎవరి ఇంట్లో దొరికిందో పెన్సిలుతో రాయండి.